ఆడవాళ్ల ఫోన్లకి వస్తున్న ‘ఘాటు’ కథలు: ఎవరు అమ్ముతున్నారు, ఎట్లా అమ్ముతున్నారు?

విభాగం: పుస్తకాలు, చదువరులు | తిరుపతి – చిత్తూరు

రేణిగుంట_ప్యాసింజర్ (తిరుపతి) · #1

అందరికీ నమస్కారం. మహిళా హాస్టళ్లలో, కాలేజీ లైబ్రరీల్లో పనిచేసేవాళ్ల కోసం తిరుపతిలో ఒక పూట సమావేశం ఉంది. దానికి సమాచారం పోగేస్తున్నాను. మగవాళ్ల సరుకు అనుకున్నది ఇప్పుడు ‘రొమాన్స్’, ‘స్పైసీ’, ‘సెల్ఫ్ కేర్’ అన్న పేర్లతో ఆడవాళ్లకి విడిగా అమ్ముతున్నారు. కథల యాప్‌లు, చెవిలో వినే కథలు, నిలువు వీడియో సీరియళ్లు, ‘ఆడవాళ్ల కోసం’ అని చెప్పుకునే పోర్న్ సైట్లు, అన్నీ ఇందులోకే వస్తాయి. ఇది ఎప్పుడు మొదలైంది, డబ్బు ఏ దారిలో పోతుంది, చట్టం ఏమంటుంది, డాక్టర్లు ఏమంటారు, ఇవీ నాకు కావలసినవి. సొంత కథలు వద్దు. లోపల పని ఎట్లా నడుస్తుందో తెలిసినవాళ్లు రాయండి.

మామిడితోట (పూతలపట్టు) · #2

ఏమప్పా, కొండ కింద కూర్చోని ఈ మాటలేంది? చూసేవాళ్లు చూస్తా ఉండారు, చదివేవాళ్లు చదవతా ఉండారు. దీనికి సమావేశం గూడానా?

తాళపత్రం (తిరుపతి) · #3

కొండ పేరు మీరే ఎత్తారు కాబట్టి చెప్తున్నా. తాళ్లపాక వారి రాగిరేకుల్లో అధ్యాత్మ సంకీర్తనల కంటే శృంగార సంకీర్తనలే చాలా ఎక్కువ. శతాబ్దాల పాటు ఆ రేకులు దాచి ఉంచింది మీరంటున్న కొండ మీదే. ఆ శృంగార సంకీర్తనల్లో చాలావాటిలో నాయికో, ఆమె చెలికత్తో మాట్లాడుతుంటారు.

ఆడమనిషి స్వయంగా రాసినది కావాలంటే, 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ రాసింది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని పూర్తి పాఠంతో అచ్చు వేయిస్తే, 1911లో బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. ప్రకాశం పంతులు చొరవతో 1947లో ఆ నిషేధం పోయింది. కాబట్టి తెలుగులో ఆడవాళ్లు ఇవి రాయడం, చదవడం కొత్త సంగతి కాదు. కొత్తగా వచ్చింది అట్ట మీద ‘ఆడవాళ్ల కోసం’ అన్న చీటీ. దాని సంగతి పుస్తకాల వ్యాపారం తెలిసినవాళ్లు చెప్పాలి.

పాతపేజీ (తిరుపతి) · #4

చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ఆ చీటీ పుట్టింది బయటి దేశాల్లో. అమెరికాలో 1973లో ప్లేగర్ల్ పత్రిక వచ్చింది. 1984లో కాండిడా రాయల్ అనే నటి ఫెమ్ ప్రొడక్షన్స్ పెట్టి, ఆడవాళ్లూ జంటలూ చూసే పోర్న్ అని సినిమాలు తీసింది. 1993లో బ్రిటన్‌లో ‘బ్లాక్ లేస్’ అనే పుస్తకాల వరుస ‘ఆడవాళ్లు ఆడవాళ్ల కోసం రాసినవి’ అన్న మాటని వ్యాపార ముద్రగానే వాడుకుంది. మన రైల్వే స్టేషన్ స్టాళ్లలో తెలిసిన పేరు మిల్స్ అండ్ బూన్. 1908లో లండన్‌లో మొదలైంది, 1971లో కెనడా కంపెనీ హార్లెక్విన్ కొనేసింది. 2008లో మన దేశంలో సొంత ఆఫీసు తెరిచింది. హార్లెక్విన్ 2001లోనే ‘బ్లేజ్’ అని ఘాటు ఎక్కువున్న వరుసని విడిగా తెచ్చింది. అంటే ఘాటుని మోతాదుల వారీగా కట్టలు కట్టి అమ్మడం పాతికేళ్ల నాటి పద్ధతే.

అసలు మలుపు ఈ-రీడర్. 2007లో అమెజాన్ వాళ్ల కిండిల్ వచ్చాక, బస్సులో పక్క సీటు ఆమెకి అట్ట కనపడకుండా చదివే వీలు దొరికింది. ఫ్యాన్ ఫిక్షన్‌గా, అంటే వేరే కథలోని పాత్రలతో అభిమాని రాసుకున్న కథగా మొదలై 2011లో చిన్న ప్రచురణకర్త దగ్గర వచ్చిన ‘ఫిఫ్టీ షేడ్స్’ త్రయం, 2014 నాటికి పది కోట్ల కాపీలు దాటింది. దాని అచ్చు ప్రతి అట్ట మీద ఒక నెక్‌టై తప్ప మనిషే లేడు. అక్కడ ప్రచురణకర్తలు చాలామంది పాఠం నేర్చుకున్నారు. చొక్కా లేని మగవాడిని అట్ట మీంచి దించేశారు.

ఇప్పుడు చూడండి, కార్టూన్ బొమ్మల అట్టలు. గులాబీ రంగు, నవ్వుతున్న జంట, చేతిలో కాఫీ కప్పు. పిల్లల పుస్తకంలా ఉంటుంది. లోపల మూడు నాలుగు అధ్యాయాలు పచ్చిగానే రాసి ఉంటాయి. ఇంట్లో ఎవరూ ప్రశ్నించరని కొనే ఆవిడకి అది సౌకర్యం. షాపువాడికి మాత్రం తలనొప్పి, ఎందుకంటే ఎనిమిదో తరగతి పాప కూడా అదే పుస్తకం తీసుకొస్తుంది. అట్ట వెనక వయసు అచ్చు వేయమని మన దగ్గర పుస్తకాలకి నియమం లేదు. సినిమాకి ఉంది, ఓటీటీకి ఉంది, పుస్తకానికి లేదు. ఫుట్‌పాత్ మీద దొరికే దొంగ ముద్రణల్లో అయితే విదేశీ ప్రతిలో ఉన్న హెచ్చరిక పేజీ కూడా కొన్నిసార్లు ఎగిరిపోతుంది. ఒక పేజీ తగ్గితే కాగితం మిగులుతుంది కదా.

నెట్‌లో పాఠకులు ఒక్కో పుస్తకానికి ఒకటి నుంచి ఐదు మిరపకాయలు వేస్తారు. అది కంపెనీ ముద్ర కాదు, పాఠకుల అంచనా. ఒకరి రెండు మిరపకాయలు ఇంకొకరికి నాలుగు. గుంటూరు మిరపకాయా, బజ్జీ మిరపకాయా అన్న తేడా చెప్పేవాళ్లు లేరు.

రేణిగుంట_ప్యాసింజర్ · #5

అట్టల సంగతి నాకు తట్టనే లేదు. మరి తెలుగులో? మన యాప్‌లలో ఉన్న కథలు ఎక్కడివి?

రెండు_నాలుకలు (మదనపల్లె, అనువాదం) · #6

మూడు రకాలు. తెలుగు రచయిత్రులే యాప్‌లో రాసేవి. ఇవి చాలావరకు పాత వారపత్రికల సీరియల్‌కీ, ‘సరసమైన కథ’ శీర్షికకీ వారసులు. తలుపు గడియ పడగానే అధ్యాయం అయిపోతుంది. రెండోది, చైనా, సింగపూర్, అమెరికా వెబ్ నవలల అనువాదం. కోటీశ్వరుడు, ఒప్పంద పెళ్లి, తోడేలు మనుషుల గుంపు నాయకుడు. మూడోది, టెలిగ్రామ్‌లో తిరిగే పీడీఎఫ్‌లు. ఆడపేర్లతో మగవాళ్లు రాసిన పాత బూతుకథలే ‘మహిళల ప్రత్యేకం’ అని కొత్త అట్టతో తిరుగుతున్నాయి.

రెండో రకంలో ముందు యంత్రం అనువదిస్తుంది, మనిషి సరిచేస్తాడు. పదానికి ఇన్ని పైసలని లెక్క కాబట్టి ఆ సరిచేయడం కూడా పరుగు పరుగున సాగుతుంది. ఎక్కువగా చెడేది నువ్వు–మీరు దగ్గర. ఇంగ్లీషులో ఒకటే మాట కాబట్టి, హీరోయిన్ ఒక వాక్యంలో ‘మీరు’, పక్క వాక్యంలో ‘నువ్వు’ అంటుంది. తెలుగు కథలో ఆ మార్పుకి చాలా బరువుంది. మీరు నించి నువ్వుకి దిగిన క్షణమే శృంగారం మొదలు. యంత్రం దాన్ని మొదటి పేజీలోనే తగలేస్తుంది. రెండోది క్రియలు. హీరో గొంతు తగ్గించి మాట్లాడాడని ఉన్నచోట ‘గర్జించాడు’, ‘గుర్రుమన్నాడు’ అని పడుతుంది. ఆవిడ ప్రియుడితో ఉందో, పెంపుడు కుక్కతో ఉందో అర్థం కాదు.

అన్నిటికంటే కష్టం ఒంటి మాటలు. మనకి ఒకవైపు ప్రబంధ భాష ఉంది, ఇంకోవైపు గోడమీది బూతు ఉంది. మధ్యలో ఇంట్లో ఆడవాళ్లు మామూలుగా వాడుకునే మాటలు అచ్చులోకి రాలేదు. అందుకే రచయిత్రులు నడుము, మెడ, వేళ్లు, ఊపిరి, వీటి చుట్టూనే తిరుగుతారు. తెలివైనవాళ్లు తిరిగితే బాగుంటుంది. తెలివిలేకపోతే ప్రతి అధ్యాయంలో నలభైసార్లు ‘శ్వాస బరువెక్కింది’.

వినే కథల్లో ఇంకో గొడవ. హీరో అంటే కోస్తా మాట. మన యాస వచ్చిందంటే వాడు ఫ్యాక్షనిస్టు, లేకపోతే డ్రైవరు. ‘యాడికి పోతా ఉండావు’ అని ప్రేమగా అడిగే హీరో ఒక్కడూ లేడు, చిత్తూరు జిల్లాలో ఎవరూ ప్రేమించనట్టు.

మామిడితోట · #7

ఇది మాత్రం నిజం మేడమ్.

కాయిన్_లెక్క (తిరుపతి, యాప్‌ల పని) · #8

డబ్బు సంగతి నేను చెప్తాను. ఈ యాప్‌లలో ఎక్కువ భాగం ‘ఆగితే ఉచితం, ఆగలేకపోతే డబ్బు’ అన్న పద్ధతి మీద నడుస్తాయి. కొరియాలో కకావో పేజ్ 2014లో దీన్ని మొదలుపెట్టి గట్టిగా నిలబెట్టింది. 2021లో అదే కకావో రాడిష్ అనే అమెరికా కథల యాప్‌ని కొంది. అదే ఏడాది ఇంకో కొరియా కంపెనీ నేవర్ సుమారు 60 కోట్ల డాలర్లకి వాట్‌ప్యాడ్‌ని కొంది. ఆడపిల్లలు ఉచితంగా రాసి, ఉచితంగా చదువుకుంటున్న చోటుకి అంత ధర పలికింది.

ఇప్పుడు లెక్క. ఇది ఉదాహరణ మాత్రమే, ఏ ఒక్క యాప్‌దీ కాదు. 400 భాగాల సీరియల్ అనుకోండి. మొదటి 20 ఉచితం. మిగతా 380కి భాగానికి 9 కాయిన్లు, అంటే 3,420 కాయిన్లు. 100 కాయిన్ల ప్యాకు 49 రూపాయలు. 34 ప్యాకులు సరిపోవు, 35 కొనాలి. 1,715 రూపాయలు. భాగానికి 700 మాటల చొప్పున మొత్తం 2,80,000 మాటలు. అచ్చులో అయితే రెండు లావు పుస్తకాలు.

ఆ 9 అన్న అంకె ఊరికే పెట్టరు. 100ని 9తో భాగిస్తే ప్రతి ప్యాకులో 1 మిగులుతుంది. ఖాతాలో ఎప్పుడూ కొంచెం మిగిలి ఉంటే, వదిలేసిపోవడానికి మనసొప్పదు. కథ అయిపోయాక మిగిలిన 80 కాయిన్లు ఇంకో కథ మొదలుపెట్టిస్తాయి. పైగా కాయిన్ అనగానే రూపాయి కనపడదు. ఒక్కో భాగానికి నాలుగు రూపాయల నలభై ఒక్క పైసలు అని రాసి ఉంటే ఎంతమంది నొక్కుతారు?

తాళం ఎక్కడ పడుతుందో కూడా ముందే లెక్క వేసుకుంటారు. భాగం చివర ఎంతమంది ఆగిపోతున్నారు, ఎంతమంది కొంటున్నారు అన్న పట్టిక చూసి, కొనుగోలు ఎక్కువున్న మలుపు దగ్గర తాళం పెడతారు. అది గది తలుపు మూసుకునే చోటు కావచ్చు, అత్త చెంపదెబ్బ కొట్టే చోటు కూడా కావచ్చు. నన్నడిగితే ప్రకటనల్లో శృంగారం కంటే అవమానమే ఎక్కువ అమ్ముడవుతోంది. గెంటేసిన భార్య, తర్వాత ఆమె ఎవరో తెలిసి మోకాళ్ల మీద పడ్డ మొగుడు. గూగుల్ ప్లే, యాపిల్ రెండూ పచ్చి పోర్న్ యాప్‌లని ఒప్పుకోవు. అందుకే యాప్‌లో తలుపు దాకా చూపించి, మిగతాది సొంత వెబ్‌సైటుకో, టెలిగ్రామ్ ఛానెల్‌కో తోసేవాళ్లున్నారు. ఆ గీత దాటాక స్టోరు నియమాలేవీ మిమ్మల్ని కాపాడవు.

రేణిగుంట_ప్యాసింజర్ · #9

ఒకటి రెండు రూపాయల ట్రయల్ అని మొదలై ప్రతి నెలా డబ్బు పోతుంది అంటున్నారు. అది ఎట్లా ఆపాలి? యాప్ తీసేస్తే ఆగదా?

కాయిన్_లెక్క · #10

ఆగదు. యాప్ తీసేయడం వేరు, మ్యాండేట్ (నెలనెలా డబ్బు కోసుకోవడానికి మీరిచ్చిన అనుమతి) రద్దు చేయడం వేరు. రూపాయి కట్టినప్పుడు మీ యూపీఐ పిన్‌తో ఆటోపే మ్యాండేట్‌కి కూడా సరే అనేశారన్నమాట. దానిలో ‘గరిష్ఠ మొత్తం’ అని ఒక అంకె ఉంటుంది, నెల చందా కంటే అది పెద్దదిగా ఉండొచ్చు. ఆ గడి చదవకుండా పిన్ కొట్టొద్దు.

రద్దు చేయాలంటే మీ యూపీఐ యాప్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, ‘ఆటోపే’ లేదా ‘మ్యాండేట్లు’ అన్నచోట ఆ కంపెనీ వరుస తెరిచి రద్దు నొక్కాలి, మళ్లీ పిన్ అడుగుతుంది. గూగుల్ ప్లే ద్వారా కట్టి ఉంటే ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ, ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’, ‘సబ్‌స్క్రిప్షన్స్’, అక్కడ రద్దు. పొరపాటున కొన్నదానికి 48 గంటల లోపు గూగుల్‌నే వాపసు అడగొచ్చు. ఆ తర్వాత యాప్ కంపెనీని అడుక్కోవాల్సిందే.

రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం డబ్బు కోయడానికి కనీసం 24 గంటల ముందు కబురు రావాలి. 15,000 రూపాయల లోపు మామూలు చందాలకి ప్రతిసారీ ఓటీపీ అడగరు. కాబట్టి ఆ ముందస్తు మెసేజ్ ఒక్కటే మీకున్న హెచ్చరిక గంట. చాలామంది దాన్ని ప్రకటన అనుకుని తుడిచేస్తారు.

ఉచిత కాయిన్లు ఇస్తామని తిరిగే ‘మోడ్ ఏపీకే’ ఫైళ్లు (ఎవరో మార్చి ప్లే స్టోర్ బయట పంచే యాప్‌లు) అసలు వద్దు. కథల యాప్‌కి ఎస్ఎంఎస్ చదివే అనుమతి, తెర మీదున్నదంతా చదవనిచ్చే యాక్సెసిబిలిటీ అనుమతి ఎందుకు? అవి ఇస్తే వచ్చే ఓటీపీలన్నీ అవతలివాడు చదువుతాడు. పొరపాటున వేసుకుని ఉంటే ముందు నెట్ కట్టేయండి. ఇంకో ఫోన్ నించి బ్యాంకుకి చెప్పి యూపీఐ ఆపించండి, తర్వాత యాప్ తీసేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం లేకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్.

లాయరమ్మ_చిత్తూరు · #11

పైదానికి ఒక్క మాట చేరుస్తాను. చేరడం ఒక్క నొక్కులో, బయటపడటం పది నొక్కుల్లో పెట్టడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో ‘సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు’ అని పేరు పెట్టి తప్పు పట్టింది. అట్లాంటి 13 మోసపు పద్ధతుల జాబితా అందులో ఉంది. లేని తొందర పెట్టడం, వద్దంటే సిగ్గుపడేలా రాయడం కూడా వాటిలో ఉన్నాయి. ఫిర్యాదుకి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఏ కథ చదివారో చెప్పనక్కర్లేదు. కంపెనీ పేరు, తేదీ, మొత్తం, రద్దు ప్రయత్నించిన స్క్రీన్‌షాట్ చాలు. ఈ సంగతి హాస్టల్ పిల్లలకి గట్టిగా చెప్పండి. సిగ్గుతో ఫిర్యాదు చేయరన్న ధీమాతోనే ఈ కంపెనీలు కొన్ని బతుకుతున్నాయి.

ఇక అసలు చట్టం. పెద్దవాళ్లు ఏకాంతంలో పెద్దవాళ్ల కథ చదవడం, చూడటం నేరం కాదు. అమ్మడం, ప్రదర్శించడం, పంపడం దగ్గర గొడవ వస్తుంది. పాత ఐపీసీ 292 స్థానంలో 2024 జులై 1 నించి భారతీయ న్యాయ సంహిత 294 వచ్చింది. మొదటిసారి రెండేళ్ల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా. నెట్‌లో అయితే ఐటీ చట్టం 67, మొదటిసారి మూడేళ్ల దాకా, ఐదు లక్షల దాకా. లైంగిక చర్య స్పష్టంగా ఉంటే 67ఎ, ఐదేళ్ల దాకా, పది లక్షల దాకా. వాట్సాప్ గ్రూపులోకి తోయడం కూడా పంపడమే. ‘నేను రాయలేదు, ఫార్వర్డ్ చేశాను’ అన్న జవాబు నిలవదు. పిల్లలకి సంబంధించినదైతే 67బి, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం). అక్కడ ఎవరికీ పంపకుండా దాచుకున్నా నేరం కావచ్చని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

సాహిత్యానికి మినహాయింపు ఉంది. సాహిత్యం, కళ, శాస్త్రం, చదువు కోసమని రుజువైతే సెక్షన్ 294, ఐటీ చట్టం 67 వర్తించవు. అశ్లీలం ఏదన్నది కొలిచే తూకం కూడా మారింది. 1964లో రంజిత్ ఉదేశీ కేసులో పాత ఇంగ్లండు కొలతే వాడారు, అంటే చెడిపోయే అవకాశమున్న మనిషి చేతిలో పడితే ఏమవుతుందని చూడటం. 2014లో అవీక్ సర్కార్ కేసులో సమకాలీన సమాజ ప్రమాణాలు, మొత్తం కృతి చూడాలని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ముద్దుపళనికి 1911లో పట్టిన గతి ఇవాళ అంత తేలికగా పట్టదు.

ప్రభుత్వం మూసేసినవి కూడా తెలియాలి. 2024 మార్చిలో 18 ఓటీటీ వేదికలు, 2025 జులైలో మరో 25. 

మామిడితోట · #12

సరే, ఒక అనుమానం. సైట్లు చూసేవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లే అని వార్తలు రాస్తా ఉంటారు. ఆ లెక్క ఎవురు తీసినారు? ఇంటింటికీ పోయి అడిగినారా?

కాయిన్_లెక్క · #13

మంచి ప్రశ్న. ఎవరూ అడగలేదు. పోర్న్‌హబ్ ఏటా తన లెక్క తనే వేసి విడుదల చేస్తుంది. 2019 లెక్కలో ప్రపంచం మొత్తం మీద ఆడవాళ్లు 32 శాతం అన్నది. ఆడా మగా అన్నది గూగుల్ అనలిటిక్స్ అంచనా, అంటే ఆ ఫోన్ నించి ఇంకెక్కడెక్కడ తిరిగారో చూసి వేసిన ఊహ. ఇంట్లో ఒకే ఫోన్ ఇద్దరు ముగ్గురు వాడే చోట ఆ ఊహ ఎంత నిలుస్తుందో మీరే చెప్పండి. పైగా ఆ అంకె వార్తగా వస్తే లాభం ఆ సైటుకే, ఖర్చులేని ప్రకటన. పెరుగుతోంది అనుకోవడానికి కారణాలున్నాయి గానీ, ఈ అంకెని సమావేశంలో గోడకి అంటించొద్దు.

తెల్లకోటు (తిరుపతి) · #14

‘మగవాళ్లకి బొమ్మ, ఆడవాళ్లకి కథ’ అన్న మాట కూడా అట్లాంటిదే. 2019లో పీఎన్ఏఎస్ అనే అమెరికా సైన్సు పత్రికలో 61 మెదడు స్కాన్ అధ్యయనాలు కలిపి చూసిన వ్యాసం వచ్చింది. శృంగార దృశ్యాలకి మెదడు స్పందనలో ఆడా మగా తేడా దాదాపు కనపడలేదు. ఆడవాళ్లు వీడియోకి దూరంగా ఉండటానికి వాటిలో ఆడమనిషిని చూపించే తీరు, దొరికిపోతామన్న భయం, నిందలు, ఈ కారణాలే చాలు.

సమావేశంలో చెప్పాల్సినవి చెప్తాను. శరీరం స్పందించడం, మనసుకి ఇష్టం కావడం వేరువేరు. మెరెడిత్ షివర్స్ అనే శాస్త్రవేత్త పరిశోధనల్లో ఆడవాళ్లలో ఈ రెండూ చాలాసార్లు కలవవని తేలింది. ‘నీ ఒళ్లు ఒప్పుకుంది, నువ్వే ఒప్పుకోవడం లేదు’ అన్న డైలాగు ఈ కథల్లో పదేపదే వస్తుంది. అది వైద్యపరంగా తప్పు. బలాత్కారం కేసుల్లో బాధితురాలిని నలిపేసే మాట అదే.

కథల్లో హీరో చేయి తగలగానే అంతా అయిపోతుంది. నిజానికి ఎక్కువమంది స్త్రీలకి సంభోగం ఒక్కటే సరిపోదు, క్లైటోరిస్ దగ్గర స్పర్శ కావాలి, సమయం కావాలి. తడి తక్కువుంటే నీటి ఆధారిత లూబ్రికెంట్ మెడికల్ షాపులో దొరుకుతుంది. కొబ్బరినూనె, వాజలీన్ రబ్బరు కండోమ్‌ని చిరిగేలా చేస్తాయి. నొప్పి తప్పనిసరి అన్నది కట్టుకథ. ప్రతిసారీ నొప్పి వస్తుంటే గైనకాలజిస్టుని కలవాలి. అన్నట్టు ఈ కథల్లో కండోమ్ అన్న మాటే వినపడదు. అత్యవసర గర్భనిరోధక మాత్ర, లీవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు, 72 గంటల లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది. నెలనెలా వాడేది కాదు.

ఒకటి మాత్రం నొక్కి చెప్పండి. మెడ పట్టుకోవడాన్ని ఈమధ్య కథల్లో, వీడియోల్లో ముద్దులా చూపిస్తున్నారు. దానికి సురక్షితమైన పద్ధతి లేదు. మెడ రక్తనాళాల మీద ఒత్తిడి పడితే పది సెకన్లలో స్పృహ పోవచ్చు. నాళం లోపలి పొర చిరిగితే రోజుల తర్వాత పక్షవాతం రావచ్చు, ఆనవాలుగా పైన మచ్చ కూడా ఉండకపోవచ్చు. గొంతు బొంగురు పోవడం, మింగితే నొప్పి, తలతిరుగుడు ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

‘అలవాటైపోయింది, జబ్బా?’ అని అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11లో కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్ (లైంగిక ప్రవర్తన అదుపు తప్పే రుగ్మత) ఉంది. అదుపు తప్పడం ఆరు నెలలో అంతకు మించో సాగాలి, చదువు, పని, సంబంధాలు దెబ్బతినాలి, లేదా తీవ్రమైన బాధ కలగాలి. తప్పు చేస్తున్నాననే బాధ ఒక్కటే ఉంటే అది జబ్బు కాదని అందులోనే రాసి ఉంది. చదివి సిగ్గుపడే అమ్మాయికి రోగం పేరు తగిలించొద్దు. మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనే.

రేణిగుంట_ప్యాసింజర్ · #15

ఇంకో రెండు. ‘ఎవరికీ తెలియదు’ అని ప్రకటనలు చెప్తాయి. ఎంత నిజం? ఇంకా, తెలియని అమ్మాయిల ఫొటోలు అట్టల మీద వేస్తున్నారు కదా, దానికేం చేయాలి?

కాయిన్_లెక్క · #16

వీళ్లు అమ్మే సరుకులో సగం ఆ మాటే. కానీ లాక్ స్క్రీన్ మీద ‘కొత్త భాగం వచ్చింది’ అని కథ పేరుతో సహా పడుతుంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ నోటిఫికేషన్లు కట్టేయాలి. గూగుల్ ప్లే రసీదు జీమెయిల్‌కి వస్తుంది, అందులో యాప్ పేరు ఉంటుంది. ఆ జీమెయిల్ ఇంట్లో టాబ్‌లో కూడా తెరిచి ఉంటే అంతే సంగతులు. ఇన్‌కాగ్నిటో మీ ఫోన్‌లో చరిత్ర మాత్రమే దాచుతుంది. హాస్టల్ వైఫై నడిపేవాడికి సైటు పేరు కనపడొచ్చు.

అన్నిటికంటే పెద్ద చిల్లు ప్రకటనలది. పదో భాగం దాటింది, కాయిన్లు కొంది, ఇట్లాంటి గుర్తులు యాప్‌లోంచి ప్రకటనల కంపెనీకి పోతాయి. డబ్బు కట్టినవాళ్ల జాబితా ఇచ్చి ‘ఇట్లాంటివాళ్లని వెతుకు’ అంటే ఫేస్‌బుక్ వెతికి పెడుతుంది. అందుకే ఒకసారి నొక్కితే నెలరోజులు అవే ప్రకటనలు. ఆండ్రాయిడ్ 12 పైన అయితే సెట్టింగ్స్, ప్రైవసీ, యాడ్స్‌లో అడ్వర్టైజింగ్ ఐడీ తుడిచేయొచ్చు. ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో బయటి యాప్‌ల నించి వచ్చిన కార్యకలాపాలు చెరిపే చోటుంది.

లాయరమ్మ_చిత్తూరు · #17

ఫొటో సంగతి. ముందు స్క్రీన్‌షాట్, లింకు, తేదీ, గ్రూపు పేరు దాచండి. తీసేయమని బెదిరిస్తే వాడు ఆధారాలు తుడిచి పారిపోతాడు. తర్వాత ఆ వేదికలోనే ఫిర్యాదు. 2021 ఐటీ నియమాలు వచ్చినప్పుడే, బాధితురాలు గానీ ఆమె తరఫు మనిషి గానీ నగ్న, మార్ఫింగ్ చిత్రాల మీద ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీసేయాలని పెట్టారు. తర్వాత సైబర్ క్రైమ్ పోర్టల్. అక్కడ ఆడవాళ్లు, పిల్లల మీద నేరాలకి విడిగా చోటుంది, పేరు చెప్పకుండా కూడా తెలియజేయొచ్చు. అనుమతి లేకుండా తిరిగే నగ్న చిత్రాలని ఆపడానికి స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సైటుంది, అందులో ఫొటో అప్‌లోడ్ చేయక్కర్లేదు. మీ ఫోన్‌లోనే దాని గుర్తుసంఖ్య తయారై, అదొక్కటే వేదికలకి పోతుంది. టెలిగ్రామ్ మూల మూలలకీ అది చేరుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

పాతపేజీ · #18

లైబ్రరీలవాళ్లకి నా సలహా, కార్టూన్ అట్ట చూసి పిల్లల బీరువాలో పెట్టేయకండి. పేజీలు తిప్పాలంటే మధ్య నించి, మూడింట రెండు వంతులు అయ్యే దగ్గర తిప్పండి. ఘాటు అధ్యాయం సాధారణంగా అక్కడే ఉంటుంది, మొదటి యాభై పేజీలు చదివితే ఏమీ తెలియదు. విదేశీ ప్రతుల్లో కాపీరైట్ పేజీ దగ్గర హెచ్చరిక ఉందేమో చూడండి. ఈ-పుస్తకాల్లో ‘రొమాన్స్’ అన్న వర్గం నమ్మొద్దు. అమెజాన్‌లో ‘ఎరోటికా’ అని పెడితే ప్రకటన వేయనివ్వరు, మామూలు వెతుకులాటలో పడదు. అందుకని రాసినవాళ్లే దాన్ని రొమాన్స్‌లో కలిపేస్తారు. ఇక నెల చందాతో చదివే కిండిల్ అన్‌లిమిటెడ్‌లో 2015 జులై నించి రాసినవాళ్లకి, పాఠకులు చదివిన పేజీకింత అని డబ్బు. కథ ఎందుకు సాగుతోందో అర్థమైందా?

రెండు_నాలుకలు · #19

కిండిల్ 2016లో ఐదు భారతీయ భాషలతో వచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. మనవాళ్లు యాప్ సీరియళ్లకీ, పీడీఎఫ్‌లకీ అతుక్కుపోవడానికి అదీ ఒక కారణం. కిండిల్‌లో తెలుగు పుస్తకంగా కొందామంటే అప్పుడు దారే లేకపోయింది.

రేణిగుంట_ప్యాసింజర్ · #20

అందరికీ దండాలు. హాస్టల్ నోటీసు బోర్డుకి రాసింది ఇదీ, తప్పులుంటే చెప్పండి:

‘కథల యాప్‌లో డబ్బు కట్టే ముందు: మొత్తం భాగాలు ఎన్ని, భాగానికి కాయిన్లు ఎన్ని, రూపాయల్లో ఎంత, ఇవి రాసుకోండి. ట్రయల్‌లో గరిష్ఠ మొత్తం చదవండి. యాప్ తీసేసే ముందు ఆటోపే రద్దు చేయండి. ఏపీకే వద్దు. డబ్బు పోతే 1930, చందా ఆగకపోతే 1915, మనసు బాగోకపోతే 14416. ఏం చదివారని ఇక్కడ ఎవరూ అడగరు.’

కాయిన్_లెక్క · #21

‘యాప్ తీసేసే ముందు’ అని రాస్తే, తీసేసినవాళ్లు ఇక కుదరదేమో అనుకుంటారు. ‘యాప్ తీసేసినా ఆటోపే విడిగా రద్దు చేయాలి’ అని మార్చండి.

మామిడితోట · #22

చిత్తూరు హాస్టళ్లకి గూడా ఒక కాపీ పంపండి. మా పక్క పిల్లోళ్లు తమిళ యాప్‌లు గూడా చూస్తా ఉంటారు, కింద తమిళంలో రెండు లైన్లు వేయించండి.